ప్రాణమా, పొట్టా? మళ్లీ మహమ్మారి వస్తే ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి

కుట్టుమిషన్

నాది చిన్న కుట్టు యూనిట్. 2020 మార్చి నాటికి 14 మంది పనిచేసేవాళ్లు. మూసేయమన్న రోజు సాయంత్రం మిషన్ల మీద సగం కుట్టిన యూనిఫారాలు అలాగే వదిలేసి వెళ్లాం. ఒక మిషన్‌లో సూది గుడ్డలోకి దిగి ఉంది. రెండు వారాల్లో వచ్చేస్తాం కదా అని దాన్ని పైకి కూడా లేపలేదు. మళ్లీ తాళం తీసేసరికి ఆ సూది తుప్పు పట్టి, చుట్టూ గుడ్డ మీద మరక పడి ఉంది.

మొదటిసారి మూయించినందుకు నాకు కోపం లేదు. ఆ జబ్బేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు, మందు లేదు. నన్ను దెబ్బతీసింది ఆ తర్వాతి ఏడాదిన్నర. తెరవమంటారు. బట్ట కొని కత్తిరించి పెట్టుకుంటాం. మళ్లీ మూయమంటారు. సగం మందితో నడపమంటారు, ఆ సగం మందీ రావడానికి బస్సులు ఉండవు. ఆర్డరు ఒప్పుకుంటే టైముకి ఇవ్వగలమో లేదో అని టెన్షన్, ఒప్పుకోకపోతే జీతాలకు డబ్బులు ఎక్కడినుంచి వస్తాయని టెన్షన్. అప్పుడు చేసిన అప్పు ఇప్పటికీ కడుతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. అప్పటినుంచి దీని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఇలాంటిది మళ్లీ వస్తే మనుషులూ బతకాలి, పనులూ బతకాలి అంటే ఎలా నడపాలి? ఎవర్నో తిట్టడానికి అడగట్లేదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది.

రాత్రిడ్యూటీ

స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రెండు వేవ్‌లలోనూ కోవిడ్ వార్డులోనే ఉన్నాను.

మీ బాధ అర్థమైంది. కానీ మూయడం ఎందుకు అంత తొందరగా జరగాలో వార్డులో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. వైరస్ అంటుకున్న మనిషికి లక్షణాలు కనబడటానికి సగటున 5 రోజులు పట్టేది. ఊపిరి అందక ఆసుపత్రికి రావడానికి ఇంకో వారం. అంటే ఈరోజు నా వార్డులో చేరిన మనిషి దాదాపు 12 రోజుల కిందట అంటించుకున్నాడన్నమాట. మొదట్లో అడ్డూ అదుపూ లేనిచోట కేసులు సుమారు 3 రోజులకోసారి రెట్టింపయ్యేవి. 12 రోజుల్లో నాలుగు రెట్టింపులు, అంటే 16 రెట్లు. ఈరోజు 10 మంది చేరారనుకోండి, ఇప్పటికిప్పుడు ప్రపంచం మొత్తం కదలకుండా ఆగిపోయినా 12 రోజుల తర్వాత రోజుకు 160 మంది వస్తారు. వాళ్లందరికీ ఆ జబ్బు ఇప్పటికే అంటుకుంది, వాళ్లకే తెలియదు.

మా వార్డులో మంచాలు 40.

అందుకే మంచాలు నిండాక మూద్దాం అనేవాళ్ల మాట నాకు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది. ఆలస్యంగా మూస్తే ఎక్కువ రోజులు మూయాల్సి వస్తుంది. మీ వ్యాపారానికి కూడా నష్టం అదే కదా?

లెక్కలచెట్టు

నేను ఆర్థికశాస్త్రం చెబుతాను. ఈ విషయం మీద చాలా చదివాను, అందుకే కాస్త పెద్ద పోస్టు.

ప్రాణాలా, ఆర్థిక వ్యవస్థా అని తక్కెడలో రెండు వైపులా పెట్టి మాట్లాడటం మనకు అలవాటైపోయింది. ప్రభుత్వం మూయించింది కాబట్టే వ్యాపారం పడిపోయిందన్నది ఆ మాట వెనకున్న నమ్మకం. షికాగో ఆర్థికవేత్తలు గూల్స్‌బీ, సివర్‌సన్ సరిగ్గా దీన్నే పరీక్షించారు. అమెరికాలో జనం ఏ దుకాణాలకు వెళ్తున్నారో మొబైల్ ఫోన్ల సమాచారంతో లెక్కేశారు. ఆంక్షలు ఉన్న ప్రాంతాన్నీ, పక్కనే ఆంక్షలు లేని ప్రాంతాన్నీ పోల్చి చూశారు. 2020 వసంతంలో దుకాణాలకు వచ్చే జనం 60 శాతం తగ్గారు. అందులో ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల తగ్గింది 7 శాతం పాయింట్లే. మిగతాదంతా జనం తమంతట తామే భయపడి ఇంట్లో కూర్చోవడం.

డెన్మార్క్, స్వీడన్ ఖర్చుల లెక్క కూడా ఇలాంటిదే. పక్కపక్క దేశాలు. డెన్మార్క్ 2020 మార్చిలో గట్టిగా మూసేసింది, స్వీడన్ చాలావరకు తెరిచే ఉంచింది. బ్యాంకు లావాదేవీలు చూస్తే డెన్మార్క్‌లో జనం ఖర్చు 29 శాతం, స్వీడన్‌లో 25 శాతం తగ్గింది. తేడా నాలుగు పాయింట్లు.

అంటే తలుపులు తెరిచి పెట్టినంత మాత్రాన కస్టమరు రాడు. రోగం చుట్టూ తిరుగుతుంటే వ్యాపారం కోలుకోవడం కష్టం. రోగాన్ని అదుపులో పెట్టడమే వ్యాపారాన్ని కాపాడే మొదటి పని అని నేను నమ్ముతాను.

ఎదురుగాలి

లెక్కలచెట్టు గారూ, మీ లెక్కలు తప్పని అనను. కానీ అవి ఎవరి లెక్కలు? బ్యాంకు కార్డులు గీకేవాళ్లవి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో పెట్టుకుని దుకాణాలకు వెళ్లేవాళ్లవి. భయపడి ఇంట్లో కూర్చోగలగడం కూడా ఒక సౌకర్యమే. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషికి ఆ సౌకర్యం లేదు. అతను భయపడ్డా బయటికి వస్తాడు. అతన్ని ఆపింది ఉత్తర్వులే.

మన దేశంలోనే చూడండి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన, అర్ధరాత్రి నుంచి అమలు. మధ్యలో 4 గంటలు. వలస కూలీలకోసం శ్రామిక్ రైళ్లు మొదలైంది మే 1న. ఆ మధ్యలో ఎంతమంది పిల్లల్ని భుజాన వేసుకుని హైవేల మీద నడిచారో అందరం చూశాం. ఆ ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశ జీడీపీ అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని ప్రభుత్వమే తొలి అంచనాలో చెప్పింది. అదంతా జనం భయపడి మానుకున్నదేనా?

ప్రపంచం మొత్తం మీద 2020లో పోయిన పనిగంటలు 25.5 కోట్ల ఫుల్‌టైమ్ ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. ఆ ఒక్క ఏడాదే దాదాపు 7 కోట్ల మంది కటిక పేదరికంలోకి జారిపోయారని ప్రపంచ బ్యాంకు చెప్పింది. 1990లో ఈ లెక్కలు మొదలుపెట్టాక ఒక్క ఏడాదిలో ఇంత పెరగడం ఎప్పుడూ లేదు. పేదరికం కూడా ప్రాణాలు తీస్తుంది. మెల్లగా తీస్తుంది కాబట్టి ఏ ఆసుపత్రి రిజిస్టర్లోనూ కనబడదు.

రాత్రిడ్యూటీ

కనబడుతుందండి. టీబీ మందులు మధ్యలో ఆపేసినవాళ్లు, డయాలసిస్‌కు రావడానికి బండి దొరకనివాళ్లు, ప్రసవానికి ఆఖరి నిమిషంలో వచ్చినవాళ్లు. మా రిజిస్టర్లో వాళ్లూ ఉన్నారు. కారణం దగ్గర వేరే పేరు రాస్తాం, అంతే. ఆ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను.

కుట్టుమిషన్

ఎదురుగాలి గారు అన్నది నా కళ్లముందు జరిగింది. మా 14 మందిలో ఇద్దరు బయటి రాష్ట్రం వాళ్లు. సొంత ఊరికి వెళ్లడానికి దారి లేదు, ఇక్కడ అద్దె కట్టడానికి డబ్బు లేదు. మొదటి నెల జీతం నేనే ఇచ్చాను. రెండో నెల సగం ఇచ్చాను. మూడో నెల వాళ్ల ఫోన్ ఎత్తడానికే నాకు మొహం చెల్లలేదు.

లెక్కలచెట్టు గారూ, భయం వల్లే జనం రాలేదని ఒప్పుకుందాం. అయినా ఆ మూడో నెల జీతం ఎవరివ్వాలి?

లెక్కలచెట్టు

అసలు ప్రశ్న అదే. ఎదురుగాలి గారు చెప్పింది కూడా సరైన సవరణే. 4 గంటల వ్యవధిని నేను సమర్థించను. ధనిక దేశాల గణాంకాలను రోజుకూలీల దేశాలకు నేరుగా అతికించకూడదు.

మూడో నెల జీతం ప్రభుత్వమే ఇచ్చిన చోట్లు ఉన్నాయి. జర్మనీలో కుర్జ్‌ఆర్‌బైట్ అని పాత పద్ధతి ఒకటుంది. పని తగ్గితే యజమాని మనిషిని తీసేయక్కర్లేదు, గంటలు తగ్గిస్తాడు. పోయిన జీతంలో పెద్ద భాగాన్ని ప్రభుత్వ నిధి కడుతుంది. 2020 ఏప్రిల్‌లో సుమారు 60 లక్షల మంది ఈ పద్ధతిలో ఉన్నారు. బ్రిటన్ అప్పటికప్పుడు ఫర్లో అని ఒక పథకం పెట్టి, ఒక పరిమితి వరకు జీతంలో 80 శాతం ఇచ్చింది. 2021 సెప్టెంబర్ 30న ముగిసేసరికి 1.17 కోట్ల ఉద్యోగాలు ఎప్పుడో ఒకప్పుడు దాని కిందికి వచ్చాయి. దీని అసలు లాభం డబ్బు ఒక్కటే కాదు. పని మనిషికీ యజమానికీ మధ్య తాడు తెగదు. తెరిచిన మర్నాడే పాత చేతులు పాత మిషన్ల మీద ఉంటాయి. మీలాంటివాళ్లకు కొత్తవాళ్లను వెతికి, నేర్పించే నెలలు మిగులుతాయి.

కానీ దీనికి జీతాల రిజిస్టర్ ఉండాలి. రిజిస్టరే లేని పనులు చేసేవాళ్ల సంగతేంటి? దీనికి నాకు నచ్చిన జవాబు టోగో. పశ్చిమ ఆఫ్రికాలో చిన్న దేశం. 2020 ఏప్రిల్‌లో నొవిస్సీ అనే పథకం పెట్టారు. అసంఘటిత రంగంలో ఉన్నవాళ్లు మామూలు కీప్యాడ్ ఫోన్ నుంచి ఒక నంబరు కొట్టి, ఓటరు కార్డు వివరాలు ఇస్తే డబ్బు మొబైల్ ఖాతాలో పడేది. ఆడవాళ్లకు కాస్త ఎక్కువ ఇచ్చారు. ఓటరు జాబితాలో అప్పటికే మనిషి చేసే పని కూడా రాసి ఉంది కాబట్టి ఎవరికివ్వాలో తేల్చడం తేలికైంది. పెద్ద బడ్జెట్ ఉన్న దేశమేమీ కాదు అది.

మన దగ్గర రేషన్ కార్డు ఆ పని కొంత చేసింది. సుమారు 80 కోట్ల మందికి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా ఇచ్చారు. అది లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను. కానీ కార్డు సొంత ఊళ్లో, మనిషి పని ఊళ్లో ఉంటే ఆ ధాన్యం చేతికందలేదు. ఎక్కడున్నా చెల్లే కార్డు మహమ్మారి రాకముందే ఉండాలి. వచ్చాక కుదరదు.

గోడౌన్‌మనిషి

నేను డెలివరీ సరుకు సర్దే గోడౌన్‌లో పనిచేశాను. మా సంస్థ మూతపడలేదు, అత్యవసర సేవల కింద నడిచింది. ఒకరోజు పొద్దున లేచేసరికి ఒళ్లు కాలిపోతోంది, గొంతు నొప్పి. లీవు పెడితే ఆ రోజు జీతం పోతుంది. పాజిటివ్ వస్తే 14 రోజులు రావద్దంటారు, 14 రోజుల జీతం పోతుంది. అందుకే టెస్టుకు వెళ్లలేదు. జ్వరం మాత్ర వేసుకుని గేటు దగ్గర థర్మామీటర్ దాటిపోయాను. నా పక్కన ప్యాకింగ్ చేసే మనిషికి నాలుగు రోజుల తర్వాత జ్వరం వచ్చింది. ఆయన కోలుకున్నాడు. ఆయన ఇంట్లో పెద్దావిడ కోలుకోలేదు.

నా వల్లే అని ఎవరూ అనలేదు. నాకు తెలుసు.

షాపులు మూయాలా తెరవాలా అని మీరు మాట్లాడుకుంటున్నారు. నాకైతే ఒకటే అనిపిస్తుంది. జ్వరం వచ్చిన మనిషికి ఇంట్లో ఉంటే జీతం వస్తుందన్న భరోసా ఆరోజు ఉంటే నేను వెళ్లేవాణ్ని కాదు.

రాత్రిడ్యూటీ

గోడౌన్‌మనిషి గారూ, ఈ మాట ఇక్కడ రాయడానికి ఎంత బరువు మోయాల్సి వచ్చిందో అర్థమవుతోంది. తప్పు మీ ఒక్కరి మీద వేసుకోకండి. జ్వరం లేనివాళ్ల నుంచి కూడా అంటుకునే జబ్బు అది. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి అంటించేయగలడు.

మీరు చెప్పిన దాని విలువ మాత్రం చాలామందికి ఇంకా తెలియలేదు. అమెరికాలో 2020లో తాత్కాలికంగా జీతంతో కూడిన అనారోగ్య సెలవు చట్టం తెచ్చినప్పుడు, ఆ సౌకర్యం కొత్తగా దొరికిన రాష్ట్రాల్లో కేసులు తగ్గాయని ఒక అధ్యయనంలో తేలింది. ఒక్క దుకాణం కూడా మూయక్కర్లేని ఆంక్ష అది. జబ్బు మనిషిని మాత్రమే ఇంట్లో ఉంచుతుంది, మిగతా అందరినీ పనిలో ఉంచుతుంది.

ఎదురుగాలి

ఇదిగో, ఇలాంటిదానికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. నా అభ్యంతరమల్లా అందరినీ ఒకే గాటన కట్టి మూయడం మీదే.

స్వీడన్ గురించి ఒక మాట. అప్పుడు ఆ దేశాన్ని ప్రపంచమంతా తిట్టింది. 2020 నుంచి 2022 వరకు మూడేళ్లూ కలిపి మామూలు కంటే అదనంగా ఎన్ని చావులు జరిగాయో చూస్తే, యూరప్‌లో అతి తక్కువ ఉన్న దేశాల్లో స్వీడన్ ఒకటి. 16 ఏళ్ల లోపు పిల్లల బడులు మూయలేదు. జనాన్ని నమ్మితే జనం జాగ్రత్తపడతారని అది చూపించలేదా?

పాతపుటలు

చరిత్ర చదివేవాణ్ని కాబట్టి చొరబడుతున్నాను.

స్వీడన్ కథను రెండు వైపులా చదవాలి. మూడేళ్ల మొత్తం లెక్క మీరు చెప్పినట్టే ఉంది. అయితే 2020 ఒక్కటే తీసుకుంటే, జనాభాను బట్టి అక్కడ కోవిడ్ చావులు పొరుగున ఉన్న నార్వే కంటే దాదాపు పది రెట్లు. చాలామంది వృద్ధాశ్రమాల్లో చనిపోయారు. అంత మూల్యం చెల్లించినా ఆ ఏడాది స్వీడన్ ఆర్థికంగా నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ కంటే మెరుగ్గా ఏమీ లేదు. ఆ దేశమే వేసుకున్న విచారణ కమిషన్ 2022 ఫిబ్రవరిలో తుది నివేదిక ఇచ్చింది. బలవంతం కంటే సలహాల మీద నడవడం మొత్తమ్మీద సరైనదేనంది. కానీ మొదటి వారాల్లో ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా చర్యలు తీసుకోవాల్సిందని కూడా అంది. మీకూ రాత్రిడ్యూటీ గారికీ చెరో సగం మాట అందులో ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1918 ఫ్లూ. ఫిలడెల్ఫియాలో ఆ సెప్టెంబర్ 28న యుద్ధ బాండ్ల కోసం ఊరేగింపు పెట్టారు. సుమారు 2 లక్షల మంది వచ్చారు. రోగం ఊళ్లో ఉందని అధికారులకు అప్పటికే తెలుసు, అయినా ఆపలేదు. సెయింట్ లూయిస్ మాత్రం మొదటి కేసులు కనబడిన కొన్ని రోజులకే అక్టోబర్ 7న బడులు, థియేటర్లు, గుంపులు ఆపింది. ఉధృతి తారస్థాయిలో ఉన్న వారంలో మామూలు కంటే అదనపు చావులు ఫిలడెల్ఫియాలో లక్షకు 257, సెయింట్ లూయిస్‌లో 31.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. తర్వాత జరిగింది చెప్పరు. సెయింట్ లూయిస్ నవంబర్ మధ్యలో ఆంక్షలు ఎత్తేసింది, మళ్లీ రోగం లేచింది, మళ్లీ మూయాల్సి వచ్చింది. ముందుగా మూసిన ఊళ్లు ఆర్థికంగా వెనకబడలేదని కొందరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ ఊళ్లు అంతకుముందే ఎదుగుతున్నాయి కదా అని వేరేవాళ్లు అభ్యంతరం చెప్పారు. కాబట్టి ఆ లెక్కను నేను పూర్తిగా నెత్తిన పెట్టుకోను. కానీ తెరిచే తొందర గురించి ఆ ఊరి అనుభవాన్ని మాత్రం మర్చిపోను.

పలకాబలపం

బడి పంతులమ్మను. బడుల గురించి మీరందరూ ఒక్కో వాక్యంలో దాటేశారు.

తెరిచాక మూడో తరగతికి వచ్చిన ఒక పాప గురించి చెబుతాను. పుస్తకం ఇచ్చి చదవమన్నాను. గడగడా చదివింది. వేలు కూడా అక్షరాల కింద కదిలిస్తోంది. నాకు సంతోషమేసింది. పేజీ తిప్పి బొమ్మ లేని పాఠం పెట్టాను. నోరు మెదపలేదు. అప్పటిదాకా బొమ్మలు చూసి కథ అల్లుతోంది. ఒకటో తరగతి మధ్యలో ఇంటికి వెళ్లిన పిల్ల, అక్షరాలన్నీ రాకుండానే మూడో తరగతిలో కూర్చుంది. చదవడం రాదని ఎవరికీ తెలియకుండా ఉండటానికి ఆ కాస్త పిల్ల అంత కష్టపడింది.

2020 ఏప్రిల్‌లో ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో చెప్పింది. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల వయసుకు చిన్న పాఠం చదివి అర్థం చేసుకోలేని పిల్లలు అంతకుముందే 57 శాతం. అది 70 శాతానికి పెరిగిందని 2022లో ప్రపంచ బ్యాంకు, యునిసెఫ్ తదితర సంస్థల అంచనా. ఇది కూడా ఆర్థిక నష్టమే కదా? ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే నష్టం కాబట్టి ఈ ఏడాది జీడీపీలో కనబడదు.

డెన్మార్క్ గట్టిగా మూసిందన్నారు. ఆ దేశమే ఏప్రిల్ 15న మొట్టమొదట తెరిచింది చిన్నపిల్లల బడులు. పిల్లల్ని చిన్న గుంపులుగా చేసి, వీలైనంత ఆరుబయట కూర్చోబెట్టారు. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరిగింది. బార్లు, మాల్స్ తెరిచిన తర్వాత నెలల తరబడి బడులు మూసే ఉన్నాయి. పిల్లలకు ఓటు లేదు, సంఘం లేదు, వినతిపత్రం ఇచ్చేవాళ్లు లేరు. ఏది ముందు తెరవాలో రాసుకునే కాగితంలో మొదటి లైను చిన్నపిల్లల బడి కావాలి. చిట్టచివర మూసేది కూడా అదే కావాలి.

రాత్రిడ్యూటీ

పిల్లలు ఇంటికి తీసుకొచ్చి పెద్దవాళ్లకు అంటిస్తారన్న భయం అప్పట్లో నాకూ ఉండేది. ఇంట్లో అత్తయ్యకు షుగరు, గుండె జబ్బు. ఇప్పుడు చూస్తే మేం చాలా రోజులు తప్పు చోట జాగ్రత్తపడ్డాం. గేట్లకూ కూరగాయలకూ మందు నీళ్లు కొట్టాం, కిటికీలు మాత్రం మూసి ఉంచాం. ఇది ప్రధానంగా గాలిలో వ్యాపించే జబ్బు. గాలి ఆడని గది, గుంపు, దగ్గరగా నిలబడి మాట్లాడటం. ఈ మూడూ కలిసిన చోటే మంట అంటుకునేది. జపాన్ 2020 వసంతంలోనే ఈ మూడింటికీ దూరంగా ఉండమని జనానికి చెప్పింది. అంటించేవాళ్లందరూ సమానంగా అంటించరు కూడా. సుమారు 10 నుంచి 20 శాతం మంది నుంచే 80 శాతం దాకా వ్యాప్తి జరిగిందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఒక్క మనిషి, ఒక్క మూసిన హాలు, ఒక్క సాయంత్రం చాలు.

దీన్నిబట్టి పార్కులు, మైదానాలు మూయడం వల్ల ఒరిగిందేమీ లేదు. ఏసీ వేసి తలుపులు బిగించిన హాళ్లు మాత్రం చాలా రోజులు ఆగాల్సింది.

లెక్కలచెట్టు

దీనికి తోడు ఒక విచిత్రం చెప్పాలి. బ్రిటన్‌లో 2020 ఆగస్టులో రెస్టారెంట్లను ఆదుకోవడానికి సోమ, మంగళ, బుధవారాల్లో లోపల కూర్చుని తినేవాళ్ల బిల్లులో సగం, ఒక పరిమితి వరకు, ప్రభుత్వమే కట్టింది. వ్యాపారం పెరిగింది. దాంతోపాటు కొత్త కేసుల గుంపులూ పెరిగాయని వార్విక్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త థీమో ఫెట్జర్ చూపించాడు. అదే డబ్బు ఆ రెస్టారెంట్ల అద్దెకూ జీతాలకూ ఇచ్చి ఉంటే వ్యాపారమూ నిలిచేది, జనాన్ని గాలి ఆడని గదుల్లోకి తోలినట్టూ అయ్యేది కాదు. కోలుకోవడానికి ఇచ్చే ప్రతి రూపాయీ రోగాన్ని ఏ వైపు తోస్తుందో చూసి ఇవ్వాలి.

కుట్టుమిషన్

ఇన్ని విషయాలు తెలిశాయి, సంతోషం. నా అసలు గోడు మాత్రం మిగిలే ఉంది. రేపు ఏం జరుగుతుందో ముందే తెలియడం ఎలా? "పరిస్థితిని బట్టి నిర్ణయిస్తాం" అన్న ప్రకటన వింటే నాకు కడుపులో తిప్పేది.

లెక్కలచెట్టు

2021లో అదే బ్రిటన్ ఈ పని బాగా చేసింది. ఫిబ్రవరి 22న నాలుగు మెట్ల కాగితం విడుదల చేశారు. ఏ మెట్టులో ఏది తెరుస్తారో, ఏ తేదీకన్నా ముందు తెరవరో రాశారు. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం 5 వారాలు. 4 వారాలు ఫలితం చూడటానికి, ఒక వారం జనం సిద్ధం కావడానికి. పైకెక్కాలంటే నాలుగు పరీక్షలు: టీకాలు అనుకున్నట్టు సాగుతున్నాయా, అవి ఆసుపత్రి చేరికల్నీ చావుల్నీ తగ్గిస్తున్నాయా, ఆసుపత్రుల మీద తట్టుకోలేని భారం పడుతుందా, కొత్త రకం వైరస్ ఏమైనా లెక్క మార్చేసిందా. డెల్టా అనే కొత్త రకం రావడంతో చివరి మెట్టు జూన్ 21 నుంచి జూలై 19కి వాయిదా పడింది. వాయిదా పడినా, ఎందుకు పడిందో అందరికీ అర్థమైంది. పరీక్ష ఏమిటో ముందే చెప్పారు కాబట్టి.

రాత్రిడ్యూటీ గారి 12 రోజుల లెక్కకూ ఈ 5 వారాల వ్యవధికీ చుట్టరికం ఉంది. ఒక సడలింపు ప్రభావం కనబడకముందే ఇంకోటి ఇచ్చేస్తే ఏది ముంచిందో తెలియదు.

ఎదురుగాలి

దీనికి ఒకటి కలపండి. ఆంక్ష పెట్టే అధికారానికి కూడా గడువు ఉండాలి. ప్రతి ఉత్తర్వూ ఇన్ని వారాలకు దానంతటదే రద్దయిపోవాలి. కొనసాగించాలంటే చట్టసభకు వచ్చి కారణం చెప్పి ఓటు అడగాలి. చైనాలో ఏం జరిగిందో చూశాం. 2020లో వూహాన్ మూయడం వల్ల ప్రాణాలు దక్కాయని నేనూ ఒప్పుకుంటాను. కానీ టీకాలు వచ్చి, ప్రపంచమంతా తెరుచుకున్నాక కూడా 2022 వసంతంలో షాంఘై జనాన్ని రెండు నెలలు ఇళ్లలో బంధించారు. నవంబర్‌లో జనం వీధుల్లోకి వచ్చాక, డిసెంబర్ 7న ఒక్కసారిగా వదిలేశారు. వృద్ధుల్లో చాలామందికి బూస్టర్ డోసు పడకుండానే వదిలేశారు. బిగించడానికి ఉన్న ప్లాన్ వదలడానికి లేదు.

ముందుగా మూయాలన్న మాటను నేను ఇన్నాళ్లూ కొట్టిపారేసేవాణ్ని. రాత్రిడ్యూటీ గారి 10 మంది, 160 మంది లెక్క చదివాక అలా అనలేను. కానీ జీతం సంగతి, గడువు సంగతి తేల్చకుండా మూయడానికి ఇప్పటికీ ఒప్పుకోను.

పాతపుటలు

న్యూజీలాండ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2020 మార్చి 25 రాత్రి మూసి, జూన్ 8కి యాక్టివ్ కేసులు సున్నాకు తెచ్చి దాదాపు మామూలు జీవితానికి వచ్చేశారు. హెచ్చరిక స్థాయిలు నాలుగు ఉంటాయని మూయడానికి కొద్ది రోజుల ముందే జనానికి చెప్పారు. ఏ స్థాయిలో ఏం చేయొచ్చో అందరికీ తెలుసు. డెల్టా వచ్చాక సున్నా సాధ్యం కాదని తెలిసి 2021 అక్టోబర్‌లో ఆ లక్ష్యం వదులుకున్నారు, టీకాల మీద నిలబడ్డారు. చుట్టూ సముద్రం ఉన్న దేశం, అందరికీ కుదరదు. లక్ష్యం మారినప్పుడు మారిందని బయటికి చెప్పడం మాత్రం ఎక్కడైనా కుదురుతుంది.

ఎదురుగాలి

కుట్టుమిషన్ గారూ, అడగొచ్చో లేదో. మీ 14 మందిలో ఎంతమంది తిరిగి వచ్చారు?

కుట్టుమిషన్

తొమ్మిది మంది. బయటి రాష్ట్రం ఇద్దరిలో ఒకతను వచ్చాడు. ఒకావిడ రెండో వేవ్‌లో పోయింది, కాజాలు ఆమె చేతిలో పడితే ఒక్క దారం పైకి కనబడేది కాదు. మిగతావాళ్లు వేరే పనుల్లో కుదురుకున్నారు.

గోడౌన్‌మనిషి గారి పోస్టు చదివాక మా దగ్గర ఒకటి మొదలుపెట్టాను. జ్వరం, దగ్గు ఉంటే ఏడాదికి ఆరు రోజులు జీతంతో ఇంట్లో ఉండొచ్చు. అంతకు మించి ఇచ్చే స్తోమత నాకు లేదు. రాత్రిడ్యూటీ గారూ, గాలి ఆడుతోందో లేదో మాలాంటివాళ్లు తెలుసుకునే దారి ఉందా?

రాత్రిడ్యూటీ

ఉంది. కార్బన్ డయాక్సైడ్ మీటరు దొరుకుతుంది, గోడ గడియారమంత ఉంటుంది. మనం వదిలిన ఊపిరి గదిలో ఎంత నిలిచిపోతోందో అది చెబుతుంది. ఆరుబయట సుమారు 420 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 420 వంతులు) చూపిస్తుంది. మనుషులున్న గదిలో 800 లోపు ఉంటే గాలి బాగా మారుతున్నట్టు. 1500 దాటితే ఒకరు వదిలిందే ఇంకొకరు పీలుస్తున్నట్టు. కిటికీ ఎదురుగా ఇంకో కిటికీ లేకపోతే ఎక్సాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. బొగ్గు ఇస్త్రీ పెట్టె వాడుతుంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, అది ఆపి చూడండి.

కుట్టుమిషన్

మీటరు తెచ్చాను. కరెంటు ఇస్త్రీయే మాది. పది మందిమీ కూర్చుని, దుమ్ము పడుతుందని ఎప్పటిలాగే కిటికీలు మూసి ఉంచితే గంటన్నరకి 1640 చూపించింది. ఇన్నేళ్లూ అందులోనే కూర్చున్నామన్నమాట. రెండు కిటికీలు తీసి, వెనక గోడకు ఎక్సాస్ట్ ఫ్యాన్ పెట్టించాక 710. దుమ్ముకు కిటికీలకు దోమతెర లాంటి జాలీ కొట్టిస్తున్నాను.